ఆధునిక బానిసత్వంపై పోరాడే సంస్థలో ప్రోగ్రామ్స్, అడ్వకసీ బాధ్యతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"హెడ్ ఆఫ్ ప్రోగ్రామ్స్ అండ్ అడ్వకసీ" అనే ప్రకటన చూసి అప్లై చేయాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్ళు, కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు, అలాంటి మనిషి కోసం వెతుకుతున్న బోర్డు సభ్యులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది, కొన్నింటికి చాలదు.

ఈ ఉద్యోగంలో అసలు చేసే పని ఏమిటి?

రెండు పనులు కలిపి ఒకరి నెత్తిన పెడతారు. బాధితులను బయటికి తేవడం, ఆశ్రయం, వైద్యం, లాయరు, ఎగ్గొట్టిన జీతం రాబట్టడం, మళ్ళీ సొంత కాళ్ళ మీద నిలబడేదాకా తోడుండడం: ఇదంతా ప్రోగ్రామ్స్. మనుషులు ఆ ఉచ్చులో పడడానికి కారణమైన చట్టాలు, వీసా నిబంధనలు, కంపెనీల కొనుగోలు పద్ధతులు మారేలా ప్రభుత్వాల మీదా వ్యాపారాల మీదా ఒత్తిడి తేవడం అడ్వకసీ. రోజువారీగా మాత్రం ఎక్కువ సమయం బడ్జెట్లకు, దాతలకు పంపే రిపోర్టులకు, సిబ్బంది సమస్యలకు, ఎవరో ఒకరి కేసులో అప్పటికప్పుడు తీసుకోవలసిన నిర్ణయాలకు పోతుంది. పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడే రోజులు ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే.

ఆధునిక బానిసత్వం కింద ఏవేవి వస్తాయి?

నిర్బంధ శ్రమ, అప్పు చూపించి చేయించుకునే వెట్టిచాకిరి, దోపిడీ కోసం మనుషుల అక్రమ రవాణా, బలవంతపు పెళ్ళి, పిల్లల అమ్మకం, మారిటేనియా, నైజర్ లాంటి దేశాల్లో ఇంకా పోని వంశపారంపర్య బానిసత్వం. వీటన్నిటికీ కలిపి అంతర్జాతీయ చట్టంలో ఒకే నిర్వచనం లేదు. 1926 బానిసత్వ ఒప్పందం, నిర్బంధ శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో తెచ్చిన 29వ కన్వెన్షన్ (ఒప్పందం), 1956 అనుబంధ ఒప్పందం, మనుషుల అక్రమ రవాణాపై 2000 నాటి పాలెర్మో ప్రోటోకాల్, ఈ నాలుగూ కనీసం ఒకసారి మూలంలో చదవాలి. చిన్నవే, ఒక సాయంత్రం చాలు.

చెడ్డ ఉద్యోగమల్లా బానిసత్వం కాదు. 29వ కన్వెన్షన్ రెండు విషయాలు చూడమంటుంది: మనిషి తన ఇష్టంతో ఈ పనికి ఒప్పుకున్నాడా, చేయకపోతే శిక్ష తప్పదన్న బెదిరింపు ఉందా. శిక్షంటే కొట్టడమే కానక్కర్లేదు. పాస్‌పోర్టు దాచేయడం, నెలల తరబడి జీతం పట్టి ఉంచడం, "బయటికెళ్తే పోలీసులకు పట్టిస్తా" అనడం, ఊళ్ళో ఉన్న తమ్ముడి పేరెత్తడం కూడా ఆ కిందికే వస్తాయి. కార్మిక సంస్థ ఇచ్చిన 11 సూచికల జాబితా ఫీల్డ్ సిబ్బందికి కంఠతా రావాలి. అయినా అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ మనిషి రేపు పొద్దున్నే పని మానేస్తానంటే ఏమవుతుంది?

ప్రపంచంలో ఎంతమంది ఉన్నారు? ఆ సంఖ్యలను నమ్మవచ్చా?

2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ అనే మానవ హక్కుల సంస్థ, అంతర్జాతీయ వలస సంస్థ కలిసి విడుదల చేసిన అంచనా ప్రకారం, 2021లో ఏ రోజు లెక్క తీసుకున్నా 4.96 కోట్ల మంది. అందులో 2.76 కోట్లు నిర్బంధ శ్రమలో, 2.2 కోట్లు బలవంతపు పెళ్ళిలో. నిర్బంధ శ్రమలో ఉన్నవాళ్ళలో 39 లక్షల మందితో ఆ పని చేయిస్తున్నది స్వయంగా ప్రభుత్వాలే. ఈ చివరి సంఖ్య విని దాతలు ఉలిక్కిపడతారు, ఎందుకంటే వాళ్ళ ఊహలో నేరగాడు ఎప్పుడూ ముఠా నాయకుడే.

ఇవి సర్వేల మీద కట్టిన అంచనాలు, తలలు లెక్కపెట్టి చెప్పినవి కావు. ప్రపంచం మొత్తం మీద సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి బాగానే పనికొస్తాయి. ఒక జిల్లా ప్రాజెక్టు ప్రతిపాదన మొదటి పేరాలో వాటిని అతికించడం మాత్రం వృథా. అక్కడ కావలసింది మీ కేసు ఫైళ్ళు చెప్పే లెక్క, అది యాభై మందే అయినా.

ప్రోగ్రామ్స్, అడ్వకసీ రెండూ ఒకరి చేతిలోనే ఎందుకు ఉండాలి? వేర్వేరు మనుషులు చూసుకోలేరా?

చూసుకోవచ్చు. పెద్ద సంస్థల్లో అలాగే ఉంటుంది. కానీ ఆ ఇద్దరూ వారానికోసారైనా ఒకే ఫైలు మీద కూర్చోకపోతే రెండు పనులూ పాడవుతాయని నా గట్టి అభిప్రాయం.

చట్టంలో లోపం ఎక్కడుందో మొదట తెలిసేది ఒక్కో బాధితుడి కేసునూ దగ్గరుండి చూసే కేస్ వర్కర్‌కు. భారతదేశాన్నే తీసుకోండి. అక్కడ వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 2016లో సవరించిన కేంద్ర పథకం కింద విముక్తి పొందిన కార్మికులకు లక్ష నుంచి మూడు లక్షల రూపాయల దాకా పునరావాస సాయం ఉంది. కాగితం మీద చూస్తే ఉదారంగా కనిపిస్తుంది. అయితే తక్షణ సాయంగా ఇచ్చే చిన్న మొత్తం తప్ప, పూర్తి సాయాన్ని నిందితుడికి శిక్ష పడడంతో ముడిపెట్టారు. విచారణ ఏళ్ళ తరబడి సాగుతుంది. ఈలోగా ఇంటికి వెళ్ళిన మనిషికి మళ్ళీ అడ్వాన్సు ఇస్తానని మేస్త్రి గుమ్మంలో నిలబడతాడు. పథకం చదివిన పాలసీ నిపుణుడికి ఇదొక నిబంధన. అదే కుటుంబాన్ని మరుసటి సీజన్‌లో మళ్ళీ ఇటుక బట్టీలో చూసిన ఫీల్డ్ వర్కర్‌కు ఇది కారణం. మార్చమని అడగవలసిన వాక్యం ఏదో ఆమెకు తెలుసు, ఎక్కడ అడగాలో అతనికి తెలుసు.

ఇంకో ఉదాహరణ గ్రీసులోని మానొలాడా. అక్కడి స్ట్రాబెరీ తోటల్లో పనిచేసిన బంగ్లాదేశ్ కార్మికులు 2013లో నెలల తరబడి రాని జీతం అడిగితే కాపలాదారు కాల్పులు జరిపాడు. అక్కడి కోర్టు మాత్రం మనుషుల అక్రమ రవాణా అభియోగం నిలవదంది, వాళ్ళు కావాలనుకుంటే వెళ్ళిపోయి ఉండేవాళ్ళని. 42 మంది ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 2017లో ఆ కోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: మొదట్లో ఒప్పుకుని పనిలో చేరినా, నిస్సహాయతను ఆసరా చేసుకుని దోపిడీ చేస్తే అది నిర్బంధ శ్రమే. మొదటి వాంగ్మూలాల్లో రాని జీతం ఎంత, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి, వెళ్తామంటే ఏమన్నారు అన్న వివరాలు లేకపోతే ఇలాంటి వాదన నిలబెట్టడం ఏ లాయరుకైనా కష్టం. కేసు ఫైలు ఎలా రాస్తున్నారన్న దాని మీద ఎప్పుడో రాబోయే తీర్పు ఆధారపడుతుంది. అందుకే ఆ ఫైలు ఫారం తయారు చేసేటప్పుడు అడ్వకసీ మనిషి గదిలో ఉండాలి.

రెస్క్యూ చేస్తే పని పూర్తయినట్టే కదా?

అక్కడ మొదలవుతుంది. రెస్క్యూ ఒక రోజు పని. తలుపు తెరవడం, వ్యాన్లు, కెమెరాలు అన్నీ ఆ రోజే ఉంటాయి, దాతల డబ్బు కూడా దానికే సులువుగా వస్తుంది. తర్వాతి నెలలకు ఎవరూ డబ్బివ్వరు.

ఆ నెలల్లో ఏం కావాలి? గుర్తింపు కాగితాలు. నిలవడానికి చోటు, అదీ తాళం వేయని చోటు. ఆశ్రయం పేరుతో ఫోన్ లాక్కుని గేటు మూసే షెల్టరుకూ, ఆ మనిషి బయటపడిన చోటికీ తేడా అతనికి కనిపించదు. రావలసిన జీతం. పాత అప్పు చట్టప్రకారం చెల్లదని రాతపూర్వకంగా ఒక కాగితం, ఎందుకంటే ఊళ్ళో అప్పు అడిగేవాడు చట్టం చదవడు. నిద్ర పట్టనివాళ్ళకు డాక్టరు. వేరే దేశంలో చిక్కుకున్నవాళ్ళకు అక్కడ ఉండడానికి అనుమతి. 2005 నాటి ఐరోపా మండలి ఒప్పందం బాధితులు కోలుకోవడానికీ ఆలోచించుకోవడానికీ కనీసం 30 రోజులు ఇవ్వాలంది. ముప్పై రోజుల్లో ఎవరూ కోలుకోరు కానీ, ఆ గడువు కూడా లేకపోతే మర్నాడే విమానం ఎక్కించేస్తారు.

బడ్జెట్ వేసేటప్పుడు రెస్క్యూకు పెట్టే ప్రతి రూపాయికీ తర్వాతి రెండేళ్ళకు ఎంత పెట్టారో చూడండి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ రెస్క్యూ చేయకుండా ఇంకో సంస్థకు అప్పగించడం మేలు.

ఆ మనిషే రానంటే?

పెద్దవాళ్ళయితే వాళ్ళ మాటే చెల్లుతుంది. ఎందుకు రానంటున్నారో అడగాలి, వచ్చాక ఏమి దొరుకుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి, లేనిది ఆశపెట్టకూడదు, ఫోన్ నంబరు ఇచ్చి రావాలి. చాలాసార్లు కారణం చాలా మామూలుది: ఈ నెల జీతం వస్తే వెళ్తాను. పిల్లల విషయం వేరు. పాలెర్మో ప్రోటోకాల్ ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళను దోపిడీ కోసం తరలిస్తే చాలు, మోసమో బలవంతమో జరిగిందని చూపించనక్కర్లేదు, వాళ్ళ ఒప్పుదలకు లెక్క లేదు.

పోలీసులతో కలిసి పనిచేయాలా, దూరంగా ఉండాలా?

కలిసే పనిచేయాలి, కానీ వాళ్ళ విభాగంగా మారిపోకూడదు. పోలీసులకు కావలసింది సాక్షి. మీ ముందున్నది మనిషి. సాక్ష్యం చెప్తేనే సాయం అన్న షరతు మీ సంస్థలో ఎక్కడా ఉండకూడదు, పోలీసులు పెడితే దాన్ని ప్రశ్నించాలి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. బాధితులతో నేరమే చేయించే పద్ధతి పెరుగుతోంది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఆన్‌లైన్ మోసాల స్థావరాల్లో బలవంతంగా పనిచేస్తుండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్ళినవాళ్ళు, కరెంటు షాకుల భయంతో ఎవరి పొదుపో దోచుకుంటున్నారు. బయటపడ్డాక వాళ్ళను నిందితులుగా చూస్తారు. గంజాయి పెంచే ఇళ్ళలో దొరికిన ఇద్దరు వియత్నాం మైనర్లను బ్రిటన్ విచారించి శిక్షించింది. వాళ్ళు బాధితులన్న సూచనలను సరిగా పట్టించుకోలేదని 2021లో ఐరోపా మానవ హక్కుల కోర్టు బ్రిటన్‌ను తప్పుపట్టింది. బలవంతంతో చేసిన నేరానికి బాధితులను శిక్షించకూడదన్న సూత్రం మీ అడ్వకసీ జాబితాలో లేకపోతే వెంటనే చేర్చండి. అది లేకుండా ఫోన్ చేసి సాయం అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

బాధితుల కథలు, ఫొటోలు ప్రచారానికి వాడవచ్చా?

కొన్ని షరతుల మీద. ఒప్పుదల కాగితం మీద సంతకం ఉంటే సరిపోదు. నీడ ఇచ్చిన సంస్థే ఫొటో అడిగితే కాదనే మనిషి ఎవరు? అందుకే అడిగేది సాయం చేసే సిబ్బంది కాకూడదు, అడిగేది షెల్టర్‌లో ఉండగా కాకూడదు, తర్వాత ఎప్పుడైనా వద్దంటే తీసేసే ఏర్పాటు ఉండాలి. ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తీసేయడం కుదరదన్న సంగతి కూడా ముందే చెప్పాలి. పిల్లల ముఖాలు ఎప్పుడూ వద్దు.

ఈ సమస్య కొత్తది కాదు. 1787లో బ్రిటన్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పింగాణీ వ్యాపారి జోసయా వెడ్జ్‌వుడ్ చేయించిన పతకం మీద సంకెళ్ళతో మోకాళ్ళ మీద కూర్చుని వేడుకుంటున్న ఆఫ్రికన్ మనిషి బొమ్మ ఉంటుంది. ప్రచారంగా అది అద్భుతంగా పనిచేసింది, జనం నగల్లో పొదిగించుకుని తిరిగారు. కానీ ఆ బొమ్మలో స్వేచ్ఛ ఇంకొకరు దయతలిచి ఇచ్చేదిగా కనిపిస్తుంది. తిరుగుబాట్లు చేసిన, పారిపోయిన, కోర్టుల్లో పోరాడిన మనుషులు అందులో లేరు. ఇవాళ్టి పోస్టర్ల మీద గొలుసులు, చీకటి గదులు, కట్టేసిన చేతులు దాని వారసులే. ఇంకో నష్టం కూడా ఉంది: గొలుసులు చూడడానికి అలవాటుపడ్డ కన్ను, శుభ్రమైన యూనిఫాం వేసుకుని హోటల్ గదులు ఊడుస్తున్న బాధితురాలిని గుర్తుపట్టదు.

బయటపడినవాళ్ళకు సంస్థ నడపడంలో పాత్ర ఇవ్వాలంటారు. ఎలా?

జీతమిచ్చి. సమావేశానికి పిలిచి కథ చెప్పించుకుని, శాలువా కప్పి పంపడాన్ని పాత్ర అనరు. ప్రాజెక్టు రూపకల్పనలో, ఉద్యోగుల ఎంపికలో, బోర్డులో చోటు ఉండాలి, కన్సల్టెంటుకు ఇచ్చే లెక్కనే వాళ్ళ సమయానికీ ఇవ్వాలి. వాళ్ళలో కొందరు మీ నిర్ణయాలను తప్పుపడతారు. ఇంకొందరు ఆ గతంతో ఏ సంబంధమూ వద్దనుకుంటారు, ఆ కోరికనూ అంతే గౌరవించాలి. జీవితాంతం 'బయటపడిన మనిషి' అన్న పేరుతోనే పరిచయం కావాలని అందరికీ ఉండదు.

అడ్వకసీ అంటే మంత్రులను కలవడమేనా?

అది చిన్న భాగం. ముందు ఏం అడగాలో తేల్చుకోవాలి. "బానిసత్వాన్ని అరికట్టండి" అంటే ఏ మంత్రి అయినా తప్పకుండా అంటాడు, టీ ఇస్తాడు, పంపిస్తాడు. ఫలానా చట్టం ఫలానా సెక్షన్‌లో ఈ నాలుగు మాటలు తీసేయండి అని అడిగితే అప్పుడు అసలు సంభాషణ మొదలవుతుంది.

అమెరికా సుంకాల చట్టం ఇందుకు మంచి పాఠం. నిర్బంధ శ్రమతో తయారైన సరుకు దిగుమతిని 1930లోనే సెక్షన్ 307 నిషేధించింది. అయితే దేశంలో ఆ సరుకు గిరాకీకి సరిపడా తయారు కాకపోతే నిషేధం వర్తించదని ఒక మినహాయింపు పెట్టారు. ఆ ఒక్క వాక్యం వల్ల ఎనభై ఏళ్ళకు పైగా ఆ సెక్షన్ దాదాపు నిద్రపోయింది. 2016లో మినహాయింపు తీసేశాక కస్టమ్స్ అధికారులు సరుకు ఆపడం మొదలుపెట్టారు. ఆ పునాది మీదే ఉయ్‌గుర్ నిర్బంధ శ్రమ నిరోధక చట్టం 2021 డిసెంబరులో వచ్చింది. దాని ప్రకారం, చైనాలో ఉయ్‌గుర్ ముస్లింలు ఉండే షిన్‌జియాంగ్ ప్రాంతపు సరుకు నిర్బంధ శ్రమతో చేసినది కాదని నిరూపించవలసింది దిగుమతిదారే.

కోర్టు మరో దారి. నైజర్ 2003లోనే బానిసత్వాన్ని నేరంగా ప్రకటించింది. అయినా పన్నెండేళ్ళ వయసులో అమ్ముడుపోయిన ఒక మహిళ, విడుదలయ్యాక తనకు నచ్చిన మనిషిని పెళ్ళి చేసుకుంటే, పాత యజమాని తానే భర్తనన్నాడు, స్థానిక కోర్టు ఆమెను రెండో పెళ్ళి నేరం కింద జైలుకు పంపింది. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ కోర్టు 2008లో నైజర్ ప్రభుత్వమే ఆమెను కాపాడడంలో విఫలమైందని తేల్చి, కోటి సీఎఫ్ఏ ఫ్రాంకుల పరిహారం ఇవ్వమంది. చట్టం రాసి ఊరుకున్న ప్రభుత్వానిదే బాధ్యత అని చెప్పిన తీర్పు కాబట్టి ఆ ఒక్క కేసు వేరే దేశాల్లోనూ వాదనలకు పనికొస్తుంది. కానీ కోర్టుకు వెళ్ళే ముందు ఒకటి అడగాలి: ఈ కేసు ఓడిపోతే, ఆ మనిషి ఎలా బతుకుతుంది? జవాబు లేకపోతే, ఆ కేసు ఎంత చక్కటిదైనా వేయకూడదు.

కంపెనీల విషయంలో ఏది పనిచేస్తుంది?

స్వచ్ఛందంగా ఇచ్చే మాటలు పెద్దగా పనిచేయవు. కోకో తోటల్లో అత్యంత దారుణమైన బాలకార్మిక వ్యవస్థను 2005కల్లా తొలగిస్తామని పెద్ద చాక్లెట్ కంపెనీలు 2001లో హార్కిన్-ఎంగెల్ ప్రోటోకాల్ మీద సంతకం చేశాయి. గడువు 2008కి జరిగింది. తర్వాత లక్ష్యాన్నే తగ్గించి 2020కల్లా 70 శాతం తగ్గిస్తామన్నారు. 2020 వచ్చినా అదీ జరగలేదు.

నివేదిక రాయమనే చట్టాలు దానికన్నా ఒక మెట్టు నయం. బ్రిటన్ 2015 చట్టం 3.6 కోట్ల పౌండ్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలను, ఆస్ట్రేలియా 2018 చట్టం 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల ఆదాయం దాటినవాటిని ఏటా ప్రకటన విడుదల చేయమంటాయి. రాయకపోతే జరిమానా లేదు. "మేమేమీ చేయలేదు" అని రాసినా బ్రిటన్ చట్టం ఒప్పుకుంటుంది! ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో తెచ్చిన చట్టాలు సప్లై చైన్‌లో ప్రమాదాలను వెతికి సరిదిద్దే బాధ్యతనే కంపెనీ మీద పెట్టాయి. నిర్బంధ శ్రమతో చేసిన సరుకును ఐరోపా సమాఖ్య మార్కెట్లో అమ్మనివ్వని నియమావళి 2027 డిసెంబరు 14 నుంచి అమల్లోకి వస్తుంది.

కార్మికులే ముందుండి చేసుకున్న ఒప్పందాల మీద నాకు ఎక్కువ నమ్మకం. అమెరికాలోని ఫ్లోరిడాలో టమాటా కోసే కూలీల సంఘం, ఇమ్మోకలీ కార్మికుల కూటమి, తోట యజమానులను వదిలి నేరుగా టమాటా కొనే పెద్ద కంపెనీల మీద పడింది. నియమావళి పాటించని తోట దగ్గర కొనం అని ఆ కంపెనీలతో చట్టబద్ధంగా సంతకం చేయించింది. నిర్బంధ శ్రమ దొరికిన తోట పెద్ద కొనుగోలుదారులను పోగొట్టుకుంటుంది. ఏడాదికోసారి వచ్చే ఆడిటర్ కన్నా ఈ భయం బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఫిర్యాదు చేసేది రోజూ పొలంలో ఉండే మనిషి.

కంపెనీని ఒకే ఒక్క ప్రశ్న అడిగే అవకాశం వస్తే ఇది అడగండి: మీ కార్మికులు ఈ ఉద్యోగం కోసం ఏజెంటుకు ఎంత కట్టారు, ఆ డబ్బు వాళ్ళకు తిరిగి ఇస్తారా? కార్మికుల నుంచి రుసుము వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ కన్వెన్షన్ చెప్తుంది. వెట్టి అప్పు మొదలయ్యేది చాలాసార్లు ఆ రుసుముతోనే.

బాయ్‌కాట్ పిలుపు ఇవ్వాలా?

అక్కడి కార్మికులు కోరితే ఇవ్వాలి. వాళ్ళను అడక్కుండా ఇస్తే ముందు పని పోయేది వాళ్ళకే. ప్రభుత్వమే బలవంతంగా పని చేయించే చోట సంగతి వేరు, అక్కడ లోపలినుంచి మార్చే దారి ఉండదు.

కంపెనీల నుంచి విరాళాలు తీసుకోవచ్చా?

తీసుకునే ముందు మూడు విషయాలు రాసుకోవాలి: వాళ్ళ గురించి మీరు ప్రచురించబోయే నివేదిక ముందు చూపించరు, వాళ్ళ పేరు మీ సర్టిఫికెట్ లాగా వాడుకోనివ్వరు, ఆ డబ్బు ఆగిపోయినా షెల్టర్ మూతపడదు. మూడో మాట తప్పితే మొదటి రెండూ నిలవవు.

దాతలు "ఎంతమందిని విడిపించారు?" అనే అడుగుతారు. ఏం చెప్పాలి?

అడిగినదానికి జవాబు చెప్పి, అడగనిది కూడా చెప్పాలి. విడిపించినవాళ్ళ సంఖ్య ఒక్కటే లక్ష్యంగా పెడితే సిబ్బంది సులువుగా దొరికే కేసుల వెంట పడతారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళలాంటి కష్టమైన కేసులు వెనక్కి పోతాయి, ఒకే మనిషి రెండోసారి విడుదలైతే రెండుగా లెక్కపడుతుంది. దాని బదులు ఏడాది తర్వాత, రెండేళ్ళ తర్వాత ఎంతమంది మళ్ళీ ఉచ్చులో పడకుండా ఉన్నారు, రాబట్టిన జీతం ఎంత, గుర్తింపు పత్రాలు ఎందరికి అందాయి, ఎందరు తమకిష్టమైన పని తామే ఎంచుకున్నారు అని చూడండి.

అడ్వకసీకి కొలత ఇంకా కష్టం. చట్టం మారితే పది సంస్థలు మా వల్లే అంటాయి. మీ భాగం ఏమిటో నిజాయితీగా రాయాలంటే, మీరు రాసిచ్చిన వాక్యం ముసాయిదాలో ఎక్కడ కనిపించింది, మీ కేసును ఎవరు ఉదహరించారు అన్న ఆధారాలు అప్పటికప్పుడు దాచుకోవాలి. చట్టం వచ్చాక లెక్కించవలసింది మరొకటి: దాని కింద ఎన్ని కేసులు నడిచాయి. మారిటేనియా బానిసత్వాన్ని 1981లో రద్దు చేసింది, నేరంగా మార్చడానికి 2007 దాకా ఆగింది. మొదటి తేదీనే విజయంగా రాసుకుని ఫైలు మూసిన సంస్థ ఇరవై ఆరేళ్ళు ఏం చేసినట్టు?

స్థానిక భాగస్వామ్య సంస్థలతో ఎలా ఉండాలి?

ప్రమాదం వాళ్ళది, పేరు మీది అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంది. ఆఫీసు అద్దె, అకౌంటెంటు, ఫోన్ బిల్లులు కూడా మీ గ్రాంటులో పెట్టండి. ఏడాది ఒప్పందాలు కాకుండా మూడేళ్ళవి చేయండి. నివేదిక మీద వాళ్ళ పేరు వేయాలా వద్దా అన్నది వాళ్ళు చెప్పాలి, కొన్ని దేశాల్లో పేరు పడితే జైలే.

సమాచార భద్రత?

పేర్లకు కోడ్ వాడండి, పేరు-కోడ్ జాబితా వేరే చోట ఉంచండి, అవసరం లేని వివరం అసలు తీసుకోకండి. బాధితుల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే మిగతా పాలసీలన్నీ కాగితాలే.

సిబ్బంది మీద పడే భారాన్ని ఎలా చూడాలి?

రోజూ ఇవే కథలు వినేవాళ్ళకు నిద్ర పట్టదు, కోపం పెరుగుతుంది, లేదా ఏమీ అనిపించడం మానేస్తుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే బయటికి అది సమర్థతలా కనిపిస్తుంది. యోగా తరగతి పెట్టడం తప్పు కాదు కానీ మందు అది కాదు. ఒక్కో కేస్ వర్కర్ దగ్గర ఉండే కేసులకు పరిమితి, బయటి నిపుణుడితో జీతంలో భాగంగా మాట్లాడే గంటలు, సెలవులో ఉన్నప్పుడు ఫోన్ ఇంకొకరు ఎత్తే ఏర్పాటు కావాలి. వీటికి బడ్జెట్ అడిగితే దాత మొహం చిట్లించవచ్చు. అడగండి.

ఏ చదువు, ఏ అనుభవం ఉండాలి?

లా, సోషల్ వర్క్, కార్మిక సంఘం, జర్నలిజం, ఏ దారిలో వచ్చినా ఫర్వాలేదు. ఏదో ఒక దశలో కేసులు స్వయంగా చూసి ఉండడం మాత్రం అవసరమనుకుంటాను. బడ్జెట్ షీటు చదవడం, ఒక పేజీలో వాదన రాయడం, సమావేశంలో వద్దు అని మర్యాదగా చెప్పడం రావాలి. మనుషులను రక్షించాలన్న ఆవేశం ఒక్కటే అర్హతగా వచ్చేవాళ్ళు తొందరగా అలసిపోతారు, ఈలోపు పక్కవాళ్ళనూ అలసిపోయేలా చేస్తారు.

చేరాక మొదటి మూడు నెలల్లో ఏం చేయాలి?

కొత్త వ్యూహపత్రం రాయకండి. మూసేసిన కేసు ఫైళ్ళు పాతవి ఇరవై ముప్పై తీసి మొదటి పేజీ నుంచి చదవండి. సాయం ఎక్కడ ఆగింది, ఎవరి సంతకం కోసం ఆగింది, ఎన్నాళ్ళు ఆగింది అని పక్కన రాసుకుంటూ పోండి. అదే ఆఫీసు, అదే ఫారం, అదే నిబంధన మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మీ అడ్వకసీ మొదటి ఏడాది పని ఆ నిబంధనతో మొదలుపెట్టండి. తర్వాత ఫీల్డ్ సిబ్బందితో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, ఏ పని ఆపేస్తే ఎవరికీ నష్టం ఉండదో అడగండి. ఈ ప్రశ్న వాళ్ళను ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు, జవాబు మాత్రం సిద్ధంగానే ఉంటుంది. ఆశ్రయ గృహాల్లో ఉన్నవాళ్ళను కలవడానికి మీరు కొత్త అధికారి హోదాలో సిబ్బంది వెంటబెట్టుకుని వెళ్ళకండి. వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళండి.